ఒక బిళ్ళ, రెండు దేశాల గంటలు

టైమ్ ఆఫీసు ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. రిజిస్టరు ఎలా మూయాలి, ఓవర్‌టైమ్ ఎక్కడ రాయాలి, సగటు ఎలా తీయాలి అని అడుగుతారు. అవన్నీ ఇప్పుడు కంప్యూటరే చేసిపెడుతుంది. కంప్యూటరుకు తెలియని సంగతి ఒకటి నాకు తెలుసు. అది చెప్పాలంటే ముత్తమ్మ గురించీ, ఆమె తోడికోడలు కన్నమ్మ గురించీ, మలేషియా నుంచి వచ్చిన ఒక తెలుగాయన గురించీ చెప్పాలి. జీతాలు, ప్రమోషన్లు ఇందులో లేవు. నాకు వచ్చిన ప్రమోషన్లు కూడా చెప్పుకునేటంతవి కావు.

గేటు దగ్గర

నా చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు సత్తుపల్లిలో ఒక ధాన్యం కొట్టులో కాటా పక్కన కూర్చుని నేర్చుకున్నాను. అక్కడి సేటు ఒక మాట అనేవాడు. "ఏ మానికతో కొన్నవో అదే మానికతో అమ్మాలిరా. అప్పుడే లాభమో నష్టమో తెలుస్తది." ఆయన ఆ మాట ఎంతవరకు పాటించాడో నేను చెప్పను గానీ, నా ఉద్యోగమంతా ఆ మాట మీదే నడిచింది.

తర్వాత అశ్వారావుపేట దగ్గర ఒక ప్రైవేటు పామాయిల్ ఫ్యాక్టరీలో టైమ్ కీపరుగా చేరాను. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. గేటు లోపల ఒక చెక్క బోర్డు, దాని నిండా మేకులు, మేకుకొక ఇత్తడి బిళ్ళ. లోపలికి వచ్చేవాళ్ళు తమ బిళ్ళ తీసుకుని నాకు చూపిస్తారు. నేను టైము రాసుకుంటాను. పోయేటప్పుడు బిళ్ళ మళ్ళీ మేకుకు తగిలిస్తారు. కూలీలు నన్ను పేరుతో పిలవలేదు, 'గంటల సారు' అనేవాళ్ళు.

నా మొదటి మేనేజరు ఒక పద్ధతి పెట్టాడు. పావుగంట ఆలస్యంగా వస్తే అరగంట కోత. సైరన్ తర్వాత పావుగంట ఎక్కువ పనిచేస్తే మాత్రం ఏమీ లేదు. "లెక్క సులువుగా ఉండాలయ్యా, చిల్లర గంటలు ఎవడు రాస్తాడు?" అనేవాడు. ఒక నెల కూడి చూశాను. చిల్లరంతా ఒకవైపే దొర్లుతోంది. మీరు ఎక్కడ చేరినా మొదట చూడవలసింది అదే. తప్పు చిన్నదైనా ఫరవాలేదు, రెండువైపులా పడితే సర్దుకుంటుంది. ఎప్పుడూ ఒకే మనిషి మీద పడుతుంటే మాత్రం దాన్ని తప్పు అనకూడదు, పద్ధతి అనాలి. ఆ సంగతి ఆయనకు చెప్పాను. ఆయన బదిలీ అయ్యేదాకా నాతో మాట్లాడలేదు.

ఇంటికో పని

ఫ్యాక్టరీకి లారీల దారి కోసం అడవి అంచున ఉన్న కోయగూడెం వాళ్ళు తమ పొలాల్లోంచి జాగా ఇచ్చారు. ఆనాటి యజమాని గూడెంలో కూర్చుని "ఇంటికో పని ఇస్తాం" అన్నాడు. ఫ్యాక్టరీవాళ్ళ మనసులో దానికి అర్థం, ఇంటికొక మనిషికి ఉద్యోగం అని. గూడెంవాళ్ళు విన్నది విన్నట్టుగానే తీసుకున్నారు. పని ఇంటిది. ఆ ఇంట్లో ఆ రోజు ఎవరికి వీలైతే వాళ్ళు వస్తారు. వాళ్ళ పొలం పద్ధతి అదే, అడవికి పోయే పద్ధతీ అదే. దున్నేవాడికి జ్వరమొస్తే తమ్ముడు నాగలి పడతాడు, అందులో మోసమేముంది?

ముత్తమ్మ బిళ్ళ కూడా అట్లాంటిదే. లారీలు గెలలు దింపే వాలు అరుగు, అంటే ర్యాంపు మీద వాటిని దొర్లించడం, రాలిన పండ్లు ఏరి గంపలకెత్తడం పని. ముత్తమ్మ భర్త పోడు చేసుకునేవాడు. ఆయన తమ్ముడి భార్య కన్నమ్మ. ఆ తమ్ముడు పాము కరిచి పోయాడు. ఇద్దరి పిల్లలూ ఒకే పొయ్యి మీది గంజి తాగి పెరిగారు. తునికాకు రోజుల్లో ఒకామె చీకటితో అడవికి పోతే ఇంకొకామె ఫ్యాక్టరీకి వచ్చేది. వానలు పడగానే ఒకామె విత్తనాలకు, ఒకామె ర్యాంపుకు. విత్తనాల పండగకు కూడా వంతులు వేసుకునేవాళ్ళు. బిళ్ళ మాత్రం ఒక్క రోజూ మేకు మీద మిగలలేదు.

నేను చేరిన కొత్తలో ఒకసారి అడిగాను. "ఏంది ముత్తమ్మా, నిన్న నీ బిళ్ళ మీద కన్నమ్మ వచ్చింది?"

"ఎవరొస్తే ఏంది సారూ? బిళ్ళ వచ్చిందా, రాలేదా?"

"వచ్చింది."

"పని అయిందా, కాలేదా?"

"అయింది."

"మరింకేంది నీ పంచాయితీ? రాసుకో."

వెనక వరుసలో ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. అక్కకు గంజి డబ్బా మోసుకొచ్చిన కన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను రాసుకున్నాను. గేటు దగ్గర వాచ్‌మన్‌కూ, ర్యాంపు మేస్త్రీకీ, అందరికీ తెలిసిన సంగతే అది.

నేను చెప్పబోయే ఏడాది ఫ్యాక్టరీలో నూనె పిండే కొత్త ప్రెస్సు బిగిస్తున్నారు. పని పెరుగుతుందని, గూడేలకు కొన్ని కొత్త బిళ్ళలు ఇస్తామని మేనేజరు గారు మాట ఇచ్చారు. ఈయన కోస్తా మనిషి, తర్వాత వచ్చినవాడు. ఆ బిళ్ళల్లో ఒకటి కన్నమ్మకు రావాలని ముత్తమ్మ పట్టుబట్టింది. తన వంతు రోజున గేటు దాటుతూ ఒకసారి, తిరిగిపోతూ ఒకసారి నన్ను ఆపేది.

"గంటల సారూ, మా కన్నమ్మ బిళ్ళ ఏడిదాకా వచ్చింది?"

"నా చేతిలో లేదమ్మా."

"అన్నీ నీ చేతులనే రాస్తివి, గిది లేదా? ఆమెకు మొగడు లేడు, ఆమె పేరు మీద గుంటెడు చెక్క లేదు. ఒక్క బిళ్ళన్న ఉండాలె గదా."

కన్నమ్మ అడిగేది కాదు. గంజి తెచ్చిన రోజు అక్క అడుగుతుంటే కాస్త దూరంగా నిలబడి గోడ వైపు చూసేది.

మలేషియా తెలుగాయన

కొత్త ప్రెస్సు బిగించడానికి మలేషియా నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. అప్పలసామి గారు. మా అందరినీ ఆశ్చర్యపరుస్తూ తెలుగులో పలకరించాడు. "మాటాడ్డం వొచ్చునండి నాకు. చదవడం రాదు." వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి రబ్బరు తోటలకు పోయాడట. ఏ ఊరో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ముత్తమ్మ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "మాట మనదే. మనిషి దొర లెక్కనున్నడు."

"దొరని కాదమ్మా. మా తాత రబ్బరు చెట్టుకి గాట్లు పెట్టినోడు."

"అయితే గెల దొర్లియ్యి చూద్దాం," అంది. ఆయన బూట్లు విప్పి నిజంగానే ర్యాంపు ఎక్కాడు. రెండు గెలలు దొర్లించేసరికి చేతికి ముల్లు గుచ్చుకుంది. ఆడవాళ్ళు ఆ మాట వారం రోజులు చెప్పుకున్నారు.

మా యజమానికి ఒక అనుమానం ఉండేది. అక్కడివాళ్ళు ఎక్కువ గంటలు పనిచేస్తారు, మనవాళ్ళకు పండగలెక్కువ, అడవెక్కువ, బద్ధకమెక్కువ అని. అక్కడి మిల్లులో ఒక మనిషి ఏడాదికి సగటున ఎన్ని గంటలు చేస్తాడు, మన దగ్గర ఎన్ని చేస్తాడు, రెండూ పక్కపక్కన పెట్టి చూపించమన్నాడు. ఆ పని నాకు పడింది. అప్పలసామి గారు తమ మిల్లు గంటలు తెప్పించి ఇచ్చారు. పైపైన చూస్తే వాళ్ళ గంటలే ఎక్కువ. మేనేజరు గారు "నేననుకున్నదే" అన్నారు.

నాకు సేటు మానిక గుర్తొచ్చింది. సాయంత్రం క్యాంటీన్‌లో టీ తాగుతూ అప్పలసామి గారిని అడిగాను. మీ గంటల్లో అన్నం తినే గంట కలిసి ఉందా? ఉంది. మాది కలపం. మీవాళ్ళు పండగకు ఇంట్లో ఉంటే, జీతం ఇస్తారు గనక ఆ రోజు గంటలు కూడా రాస్తారా? రాస్తారు. మేం రాయం. జ్వరంతో పడుకున్న రోజు? అదీ అంతే. అంటే వాళ్ళది జీతం ఇచ్చిన గంటల లెక్క, మాది ఒళ్ళు వంచిన గంటల లెక్క. రెండూ 'పని గంటలు' అనే పేరుతోనే ఉన్నాయి. ఏ రెండు దేశాలను పోల్చినా ముందు ఈ ప్రశ్నలు అడగండి. పేపర్లలో వచ్చే పోలికల్లో చాలావాటి గురించి ఎవరూ అడగరు.

ఒకే మానికతో కొలిచేసరికి లెక్క తిరగబడింది. మా గంటలు పైకి వచ్చాయి. అందులోనూ ర్యాంపు ఆడవాళ్ళ గంటలు వాళ్ళ మిల్లులో ఏ విభాగానికీ అందనంత ఎత్తున ఉన్నాయి. అప్పలసామి గారు కాగితం మీద వేలు పెట్టి అడిగారు.

"ఈ ముత్తమ్మకి ఒక్క ఆదివారం కూడా లేదేటండి? ఈవిడ ఎప్పుడు పడుకుంటాది?"

"ముత్తమ్మ పడుకున్న రోజు కన్నమ్మ వస్తుంది."

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టారు. తర్వాత అన్నారు. "మా నాయిన పామాయిల్ తోటలో గెలలు కోసేవోడు. మా అమ్మ ఎనకాల రాలిన పళ్ళు ఏరేది. పొద్దున్న నాయినతో ఎళ్ళి నాయినతోనే తిరిగొచ్చేది. పేరు నాయిన పేరే. మా అమ్మని తోటలో ఎవులూ రాయలేదండి. ఆవిడ పని చేసినట్టే లేదు. ఇప్పటికీ ఆ తోటల్లో అలాగే ఉంది."

అప్పుడు నాకు అర్థమైంది. గంటల దగ్గర మానిక సరిచేశాను గానీ, ఆ గంటలను ఎవరితో భాగించాలన్న దగ్గర రెండు దేశాలూ కుంటివే. ఇక్కడ ఒక బిళ్ళ కింద ఇద్దరు. అక్కడ ఒక పేరు కింద ఇద్దరు. భాగహారంలో కిందికి రానిది రెండుచోట్లా ఆడమనిషే.

మర్నాడు గేటు దగ్గర ఆయనే ముత్తమ్మకూ కన్నమ్మకూ తన తల్లి సంగతి చెప్పారు. ముత్తమ్మ "అయ్యో" అంది. కన్నమ్మ మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది. "మీ అమ్మ ఉన్నదా అయ్యా?" అని అడిగింది. ఉంది, పెద్దదైపోయింది అన్నారాయన.

అడుగున రాసిన వాక్యం

పోలిక కాగితం అడుగున నేను రాశాను, ర్యాంపు మీద ఒక్కో బిళ్ళ మీద ఒకరికి మించి పనిచేస్తున్నారు గనక ఈ గంటలు ఒక మనిషివి కావు అని. మేనేజరు గారు పైన ఉన్న అంకె చూశారు. ఫోను తీసి యజమానికి చెప్పారు. "మలేషియాని దాటేశామండి!"

వారం తిరిగేసరికి కొత్త బిళ్ళల మాట పోయింది. "వాళ్ళకంటే ఎక్కువే లాగుతున్నారుగా మనవాళ్ళు. ప్రెస్సు కొత్తదైతే మనుషులెందుకయ్యా ఇంకా?" అన్నారు.

కాగితం అడుగు భాగం చూపించి, నోటితో కూడా విడమరచి చెప్పాను. ఆ గంటలు ఇద్దరివి సార్, కొన్ని ఇళ్ళల్లో ముగ్గురివి. ఇప్పటికే ఆ పనిలో ఉన్నవాళ్ళకే బిళ్ళలు ఇచ్చినట్టవుతుంది, కొత్తవాళ్ళకు కాదు. అలా చెబితే ఇస్తారనుకున్నాను.

ఆయన ముఖం మారిపోయింది. "అంటే బిళ్ళ లేని మనిషి మిషను పక్కన తిరుగుతోందా? రేపు చెయ్యి నలిగితే ఇన్సూరెన్సువాడు ఎవరికిస్తాడు? నన్ను జైల్లో పెడతారయ్యా!"

ఆయన అన్నదీ అబద్ధం కాదు. ఆయన చెడ్డమనిషి కాదు. ప్రమాదం ఉందని తెలిశాక దానికి రెండు మందులున్నాయి. రెండో మనిషికి పేరు ఇవ్వడం ఒకటి, రెండో మనిషిని గేటు బయట ఉంచడం ఒకటి. రెండోదానికి ఖర్చు లేదు. బిళ్ళలు తీసేసి ఫోటో కార్డులు పెట్టారు. కార్డు మీద ముఖం ఎవరిదో వాళ్ళే లోపలికి రావాలి. సీజనులో నెలకు మూడు నాగాలు మించితే కార్డు రద్దు.

మొదటి రోజు ముత్తమ్మ కార్డు పట్టుకుని కన్నమ్మే వచ్చింది. వాచ్‌మన్ ఆపాడు. కన్నమ్మ నా కిటికీ దగ్గరికి వచ్చింది. అన్నేళ్ళలో ఆమె నన్ను నేరుగా అడిగింది అదే మొదలు.

"మొఖం చూసి పనిస్తరా సారూ? చేతులు చూడరా?"

సాయంత్రం ముత్తమ్మ వచ్చి నిలబడింది. "రెండో బిళ్ళ అడిగితే ఉన్న బిళ్ళలనే సగం కోసిన్రు. మంచిగుంది మీ లెక్క."

లెక్క నిజమైతే మేలు జరుగుతుందని అప్పటిదాకా నమ్మాను. నేను చెప్పింది ఈనాటికీ నిజమే. కానీ ఒక లెక్క బయటపెట్టేముందు దాన్ని చేతిలోకి తీసుకునేవాడికి ఏది చవకో కూడా లెక్కవేసుకోవాలని అప్పుడు నేర్చుకున్నాను. మీరు ముందే నేర్చుకోండి.

వానాకాలం

పామాయిల్ గెలలు వానల్లో విరగబడి వస్తాయి. ట్రాక్టర్లు రోడ్డుదాకా నిలబడేవి. ఇద్దరు పంచుకున్న పని ఇప్పుడు ముత్తమ్మ ఒక్కతే చేస్తోంది. కన్నమ్మ పిల్లలను, పోడును చూసుకుంటోంది. వానల్లో మా అడవి అంచుకు మలేరియా తప్పదు. అంతకుముందు ఒకామె పడుకుంటే ఒకామె వచ్చేది కాబట్టి జ్వరం ఫ్యాక్టరీదాకా వచ్చేది కాదు. ఆ ఏడు గేటు లోపలికి వచ్చింది.

ముత్తమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కార్డు అందిస్తుంటే వేళ్ళు నాకు తగిలాయి, కాలిపోతున్నాయి.

"ముత్తమ్మా, ఇంటికి పో. దవాఖానాకు పోయి రక్తం చూపించుకో."

"నాగాలు మూడు అయినయ్ సారూ. ఇంకోటి పడితే కార్డు పోదా?"

నేను రిజిస్టరు తిప్పి చూశాను. మూడే.

"మా కన్నమ్మను రానిస్తవా చెప్పు. ఇప్పుడే పోత."

అది నా చేతిలో లేదు. అయినా మేనేజరు గారి గదికి పోయి అడిగాను. "ఒకరికి సడలిస్తే అందరూ వస్తారయ్యా, ఈ వారం గడవనీ," అన్నారు. నేను తిరిగి వచ్చేసరికి ముత్తమ్మ ర్యాంపు మీద ఉంది. మధ్యాహ్నం సైరన్ తర్వాత రాలిన పండ్ల కుప్ప పక్కన కూర్చుంది, లేవలేదు. మేనేజరు గారే తన జీపు ఇచ్చి భద్రాచలం ఆసుపత్రికి పంపారు. జ్వరం అప్పటికే మెదడుకెక్కిందన్నారు. రెండో రోజు పోయింది.

దినాలు అయ్యాక కన్నమ్మ గూడెం పెద్దమనిషిని వెంటబెట్టుకుని వచ్చింది. ఇంటి పని ఇంటికి ఉండాలి కదా, ఇక కార్డు కన్నమ్మకు ఇవ్వండని పెద్దమనిషి అడిగాడు. దారికి జాగా ఇచ్చినప్పటి మాట గుర్తుచేశాడు.

మేనేజరు గారు మెల్లగానే చెప్పారు. "కార్డు ఇంటిది కాదు పెద్దాయనా, మనిషిది. మనిషే లేకపోతే కార్డు ఎక్కడిది?"

పెద్దమనిషి ఆ మాటను కన్నమ్మకు కోయలో చెప్పాడు. ఆమె విని, తల ఊపి, వెళ్ళిపోయింది. ఆమెకు తెలుగు బాగా వచ్చు. అయినా ఆయన ఎందుకు మళ్ళీ చెప్పాడో, ఆమె ఎందుకు విన్నదో, ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

ఆ ఏటి సగటు

ఏడాది చివర మళ్ళీ పోలిక అడిగారు. సగం ఏడాదే పనిచేసిన మనిషిని సగటులో పూర్తి మనిషిగా పెట్టకూడదు, ఆమె ఉన్న నెలల మేరకే పెట్టాలి. అది నియమం. ముత్తమ్మ దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. ఆమెను ఎంత మనిషిగా రాయాలి?

మేనేజరు గారు భుజం మీదుగా చూసి, "తీసెయ్యవయ్యా. పోయినవాళ్ళని సగటులో ఎవరు పెడతారు?" అన్నారు. నేను తీయలేదు. నియమం ప్రకారం ఆమె బతికిన నెలలు ఉంచాను. దానివల్ల అంకెలో పెద్ద తేడా రాలేదు. అంతమంది మధ్య ఒక మనిషి తేడా కనిపించదు. సగటు చేసే పని అదే.

ర్యాంపు గంటలు నిరుటికంటే బాగా పడిపోయాయి. ఒక్కో కార్డుకు ఇప్పుడు ఒక్కరే కదా. మేం మలేషియా కంటే కిందికి వచ్చాం. "చూశావా, కార్డులిచ్చాక బద్ధకం ఎలా పెరిగిందో!" అన్నారాయన. ఈసారి కాగితం అడుగున ఏం రాసినా ఎవరూ చదవరని తెలుసు. అయినా రాశాను. మీరూ రాయండి. చదివేవాడు ఎప్పుడు వస్తాడో మనకు తెలియదు.

ప్రెస్సు చూడటానికి అప్పలసామి గారు మరోసారి వచ్చారు. గేటులోకి వస్తూనే ర్యాంపు వైపు చూసి, "మన ముత్తమ్మేదండి?" అన్నారు. చెప్పాను. ఆయన అక్కడే వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుండిపోయారు. అక్కడి తోటలో భార్యల పేర్లు కూడా రాయమని ఆయన అడిగారట. "'ఆడోళ్ళు పని చెయ్యరు, మొగుడికి తోడొస్తారు' అన్నారండి. మా అమ్మ కూడా పోయింది మొన్న."

కన్నమ్మ అడిగిన మాట

తర్వాత గేటుకు వేలిముద్ర మిషను వచ్చింది. నాకు యాభై దాటగానే పంపించేశారు. ఒక ఎండాకాలం కన్నమ్మను చూడటానికి గూడెం పోయాను. ఇంటిముందు పందిరి కింద తునికాకు కట్టలు కడుతోంది. ముత్తమ్మ కూతురు పక్కన కూర్చుని ఆకులు సరిచేసి ఇస్తోంది. నన్ను చూసి కన్నమ్మ లేవలేదు. ఆకులు కాస్త జరిపి జాగా చేసింది.

"కూసో సారూ. కొలువు పోయిందట?"

"పోయింది."

"నీ బిళ్ళల బోర్డు ఏం జేసిన్రు?"

"బాయిలర్లో వేశారు."

"కట్టె మంచిదే," అంది. కాసేపు కట్టలు కట్టింది. తర్వాత తల ఎత్తకుండా అడిగింది.

"ఆ మలేషియాయన మళ్ళ వచ్చిండా?"

"వచ్చి పోయాడు."

"వాళ్ళమ్మకు బిళ్ళ ఇచ్చిన్రా ఆడ?"

"ఇవ్వలేదు కన్నమ్మా. ఆమె పోయింది."

"గట్లనే పోయిందా? పేరు లేకుండనే?"

"అవ్."

ఆమె చేతిలో నార బిగించి, ముడి వేసి, ఆ కట్టను పక్కన పెట్టింది.

"అయితే మా అక్కకు తోడు దొరికింది," అంది.